వైజాగ్‌లో ఉద్యోగం, రోజూ రైలు: ఇల్లు ఎక్కడ తీసుకోవాలో తేల్చుకునే పద్ధతి

వైజాగ్‌లో ఉద్యోగం వచ్చింది, అక్కడి అద్దెలు చూస్తే గుండె దడ, ఇంట్లోవాళ్లేమో విజయనగరం వదిలి రామంటున్నారు, రోజూ రైల్లో వెళ్లొస్తే సరిపోదా, వెళ్లొచ్చేట్టయితే ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? అందరూ అడుగుతున్నది ఇదే. కొందరిది దీనికి తిరగేసిన కథ: ఉద్యోగం శ్రీకాకుళం జిల్లాలో, పిల్లల చదువులు వైజాగ్‌లో. రెండింటికీ పద్ధతి ఒకటే కాబట్టి ఒకేచోట రాస్తున్నాను.

చాలామంది ముందు ఇల్లు చూసుకుంటారు, అడ్వాన్సు ఇచ్చేస్తారు, ఆ తర్వాత దగ్గరి స్టేషన్ ఏదో చూస్తారు, చివర్లో రైళ్ల టైములు చూసి తల పట్టుకుంటారు. వరస పూర్తిగా తలకిందులన్నమాట. ముందు ఆఫీసు, తర్వాత సాయంత్రం తిరుగు బండి, ఆ తర్వాత పొద్దుటి బండి, తర్వాత స్టేషన్, అన్నిటికన్నా చివర ఇల్లు. కింద అదే వరసలో వెళ్తాను.

1. ఆఫీసు వైజాగ్‌లో ఏ మూల ఉంది?

"వైజాగ్‌లో ఉద్యోగం" అంటే సగం సమాచారమే. రైలు పనికొస్తుందా లేదా అన్నది ఆఫీసు ఉన్న మూలను బట్టి మారిపోతుంది.

మధురవాడ, రుషికొండ, కొమ్మాది వైపు అయితే రైలు ఆలోచన ఇక్కడే మానేయండి. ఆ ప్రాంతాలు రైల్వే స్టేషన్‌కి దూరం, పైగా మీరు ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. విజయనగరం నుంచి గానీ శ్రీకాకుళం నుంచి గానీ హైవే మీద తగరపువలస, ఆనందపురం మీదుగా వచ్చే బస్సు మధురవాడ దాటే కదా ఊళ్లోకి వెళ్లేది. బస్సే ఎక్కండి, ఇల్లు కూడా స్టేషన్ దగ్గర కాకుండా బస్సెక్కే చోటికి దగ్గరలో చూసుకోండి.

స్టేషన్, డాబాగార్డెన్స్, కలెక్టరేట్, పోర్టు వైపు అయితే రైలంత హాయి ఇంకోటి లేదు. ఒక చిన్న విషయం: పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ వైపు వెళ్లేవాళ్లు ఒకటో నంబరు ప్లాట్‌ఫాం దాకా వంతెనెక్కి దిగక్కర్లేదు, ఎనిమిదో నంబరు వైపు జ్ఞానాపురం గేటు ఉంది. ఆఫీసుకి ఏ గేటు దగ్గరో ముందే తెలుసుకుంటే రోజూ పది నిమిషాలు మిగులుతాయి.

గోపాలపట్నం, ఎన్ఏడీ, పెందుర్తి వైపు అయితే వైజాగ్ స్టేషన్ దాకా వెళ్లనే అక్కర్లేదు. పెందుర్తిలోనో సింహాచలం నార్త్‌లోనో ఆగే ప్యాసింజర్లు చూసుకోండి. ఇదెంత లాభమో అవుటర్ (స్టేషన్‌లోకి రాకముందు బండిని ఆపేసే చోటు) గురించి అయిదో అంశంలో రాసినచోట తెలుస్తుంది.

గాజువాక, స్టీల్ ప్లాంటు, దువ్వాడ సెజ్ అయితే లెక్క ఇంకో రకం. హౌరా-చెన్నై లైన్లో నడిచే బండి వైజాగ్ స్టేషన్‌లోకి వస్తే ఇంజను ఈ చివర నుంచి ఆ చివరకి మార్చుకుని వచ్చినవైపే తిరిగి వెళ్లాలి. ఆ తలనొప్పి వద్దని కొన్ని బండ్లు లోపలికి రాకుండా పక్కనుంచి నేరుగా దువ్వాడ వెళ్లిపోతాయి. వైజాగ్ వెళ్లేవాళ్లు పొరపాటున ఎక్కితే చిక్కు, మీకు మాత్రం వరం.

ఇక శ్రీకాకుళం జిల్లాలోని పైడిభీమవరం ఫార్మా కంపెనీలైతే అక్కడికి అసలు రైలు లైనే లేదు. అది హైవే మీద ఉంది. కంపెనీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో కనుక్కుని ఆ స్టాపుకి నడిచే దూరంలో ఇల్లు తీసుకోండి.

2. తిరుగు బండి ముందు తేల్చుకోండి

పొద్దున్న వెళ్లడానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. బండి తప్పితే బస్సెక్కుతాం, లేటైతే ఫోన్ చేసి చెబుతాం. సాయంత్రం అలా కాదు. ఆరున్నరకి ఆఫీసులో ఇంకో పని తగిలిందంటే, ఉన్న ఒక్క ప్యాసింజరు వెళ్లిపోయిందంటే, ఆ రాత్రి ఇంటికి ఎన్నింటికి చేరతారన్నది మీ చేతిలో ఉండదు. అందుకే ఊరు ఎంచుకోవడానికి నేను పెట్టే మొదటి పరీక్ష తిరుగు బండే.

కాగితం మీద మూడు గడులు గీయండి.

- నేను మామూలుగా ఎక్కే బండి
- అది తప్పితే ఎక్కే బండి
- ఆ రోజుకి ఆఖరి బండి, లేదా ఆఖరి బస్సు

ఈ మూడూ నిండిన ఊరికే ఇల్లు వెతకడానికి వెళ్లండి. రెండే నిండితే ఆలోచించాలి. ఒక్కటే నిండితే, అద్దె ఎంత చవకైనా, ఇంటి ముందు కొబ్బరి చెట్లున్నా సరే, వద్దు.

గడులు నింపేటప్పుడు ఆఫీసు వదిలే టైము నిజమైనది వేసుకోండి. కాగితం మీద అయిదున్నర అని ఉన్నా మీ మేనేజరు లేవనిదే ఎవరూ లేవరంటే మీ టైము ఆరుంబావు. దానికి స్టేషన్ చేరే టైము కలపండి. సాయంత్రం ఊళ్లో ట్రాఫిక్ పొద్దుటి కంటే అధ్వానం, అదీ కలపండి.

3. యాప్‌లో కనబడే బండ్లన్నీ మీవి కావు

వైజాగ్ నుంచి విజయనగరానికి అని యాప్‌లో కొడితే చాంతాడంత జాబితా వస్తుంది. అది చూసి మురిసిపోకండి, సగం కొట్టేయాల్సి వస్తుంది. కొట్టేసే వరస ఇది.

వారానికి ఒకసారో రెండుసార్లో నడిచేవి తీసేయండి. అడిగిన తేదీకి మాత్రమే బండ్లు చూపిస్తారు కాబట్టి, మంగళవారం చూసినవాళ్లకి ఒక జాబితా, శుక్రవారం చూసినవాళ్లకి ఇంకోటి వస్తుంది. రోజూ నడిచేవే లెక్క.

వందే భారత్ తీసేయండి. అందులో జనరల్ బోగీ లేదు, సీజన్ టికెట్టు (రోజూ తిరిగేవాళ్లు నెలకోసారి తీసుకునే టికెట్టు) చెల్లదు.

నంబరు 0తో మొదలైతే స్పెషల్. ఇవాళ ఉంటుంది, వచ్చే నెల ఉంటుందో లేదో. దాన్ని నమ్ముకుని ఇల్లు తీసుకోకూడదు. 5తో మొదలైతే ప్యాసింజరు, 6తో మొదలైతే మెమూ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి), ఇవే మీకు అసలు దిక్కు. 12, 20, 22తో మొదలయ్యేవి సూపర్‌ఫాస్ట్, వీటికి సీజన్ టికెట్టు మీద అదనంగా సూపర్‌ఫాస్ట్ రుసుము కట్టాలి.

మిగిలినవాటిలో బండి ఎక్కడ బయల్దేరుతుందో చూడండి. హౌరా నుంచో చెన్నై నుంచో వచ్చేది మన దగ్గరకి వచ్చేసరికి ఎన్ని గంటలు ఆలస్యమైనా కావచ్చు, పైగా జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు. పలాస, గుణుపూర్, రాయగడ, బరంపురం నుంచి వచ్చే బండ్లు దగ్గరివి. ఇవీ లేటవుతాయి, ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి లూప్‌లైన్లో (స్టేషన్‌లోని పక్క లైన్లో) పడుకోబెడతారు, కానీ ఆ ఆలస్యం ఓ అంచనాకి అందుతుంది. సాయంత్రమైతే వైజాగ్‌లోనే బయల్దేరే బండిని ముందుగానే ప్లాట్‌ఫాం మీద పెడతారు కాబట్టి కాస్త ముందు వెళితే సీటు దొరుకుతుంది.

4. ఏ ఊరికి ఎన్ని బండ్లు: లైన్లు కలిసే చోటు చూడండి

మన దగ్గర లైన్లు ఎలా కలుస్తాయో ఒకసారి బుర్రలో గీసుకోండి. పలాస, శ్రీకాకుళం రోడ్డు, పొందూరు, చీపురుపల్లి మీదుగా హౌరా లైన్ వస్తుంది. పార్వతీపురం, బొబ్బిలి, గజపతినగరం మీదుగా రాయగడ వైపు లైన్ వస్తుంది. రెండూ విజయనగరంలో కలుస్తాయి. అక్కణ్నుంచి కోరుకొండ, అలమండ, కంటకాపల్లి దాటాక కొత్తవలసలో అరకు వైపు నుంచి వచ్చే కిరండూల్ లైన్ కలుస్తుంది.

కాబట్టి చీపురుపల్లిలో ఉంటే ఒక లైన్ బండ్లే మీకు. బొబ్బిలిలో ఉంటే ఇంకో లైన్‌వి మాత్రమే. విజయనగరంలో ఉంటే రెండూ. నెల్లిమర్లలో ఇల్లు తీసుకుందామా, విజయనగరంలోనా అని ఊగిసలాడేవాళ్లకి నా జవాబు ఇక్కడే ఉంది: కిలోమీటర్లలో తేడా కొంచెమే, బండ్లలో తేడా చాలా.

విజయనగరం. వైజాగ్‌కి రైల్లో సుమారు 60 కిలోమీటర్లు. రెండు లైన్ల బండ్లూ, దాదాపు ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగుతాయి, రైలు తప్పితే ఆర్టీసీ కాంప్లెక్స్ ఉంది. రోజూ తిరిగేవాళ్లకి మొదటి ఎంపిక ఇదే, ఇందులో నాకు రెండో మాట లేదు. ఒక్కటే ఇబ్బంది: పొద్దుటి ప్యాసింజర్లు పైనుంచే నిండి వస్తాయి, సీటు మీద ఆశ పెట్టుకోవద్దు.

కొత్తవలస. విజయనగరం నుంచి వైజాగ్‌కి ఉన్న దూరంలో ఇక్కణ్నుంచి సగం కూడా లేదు. మూడు లైన్ల ప్యాసింజర్లూ తగులుతాయి, ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం తక్కువ ఆగుతాయి. పెందుర్తి, గోపాలపట్నం వైపు ఉద్యోగమైతే విజయనగరం కన్నా ఇదే మేలంటాను. పెద్ద ఆసుపత్రి, పిల్లల కాలేజీ లాంటివి కావాలంటే మాత్రం ఇటో అటో పోవాలి.

చీపురుపల్లి, గరివిడి. సొంత ఇల్లు అక్కడుంటే ఉండండి. కొత్తగా అద్దెకి అయితే ఆ ఆఖరి బండి గడి నిండిందో లేదో రెండుసార్లు చూసుకోండి.

శ్రీకాకుళం. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. ఊరికి 13 కిలోమీటర్లు ఉంటుంది. బండి రెండు గంటలు అనుకుంటే దానికి ముందు ఆమదాలవలస దాకా ఆటోనో బస్సో, వెనకాల వైజాగ్‌లో ఇంకో బస్సు. రాత్రి తొమ్మిది దాటి దిగితే షేర్ ఆటో నిండేదాకా డ్రైవరు కదలడు, కదిలించాలంటే నలుగురి డబ్బులూ మీరే ఇవ్వాలి. రోజూ తిరగాలంటే ఆమదాలవలసలోనే స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకోండి. శ్రీకాకుళం టౌన్‌లోనే ఉండాల్సి వస్తే, ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఉన్నవాళ్లకి కాంప్లెక్స్‌కి వెళ్లి వైజాగ్ బస్సెక్కడమే చాలాసార్లు సుఖం. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకి వెళ్లేవాళ్లకైతే టౌన్‌లో ఉండి రైలెక్కడం ఫరవాలేదు.

పలాస. రోజూ వైజాగ్‌కా? వద్దండి. సీజన్ టికెట్టు 150 కిలోమీటర్ల దాకానే ఇస్తారు, పలాస ఆ హద్దు దాటిపోతుంది. పలాసలో ఉద్యోగం ఉన్నవాళ్లు ఆమదాలవలస నుంచి తిరగడం మాత్రం హాయిగా కుదురుతుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులై, ఒకరికి వైజాగ్‌లో బ్యాంకు, ఇంకొకరికి పొందూరు దగ్గర బడి అయితే చాలామంది సరిగ్గా మధ్యలో ఉండే ఊరు వెతుకుతారు. మధ్య చూడకండి. ఎవరి తిరుగు బండి కష్టమో వాళ్లకి అనుకూలంగా చూడండి. బడి సాయంత్రం పెందలాడే వదిలేస్తుంది, ఆ టైముకి దొరికే బండ్లు వేరు. బ్యాంకు ఎప్పుడు వదులుతుందో దేవుడికే తెలియాలి. ఇలాంటి జంటకి విజయనగరం బాగా సరిపోతుంది.

5. గుమ్మం నుంచి కుర్చీ దాకా లెక్క

రైలు ప్రయాణం గంటంబావు అని చెప్పుకుంటాం గానీ రోజులో పోయేది అది కాదు. లెక్క ఇలా వేయండి. ఉదాహరణకి విజయనగరంలో ఉండే ఒకాయన అనుకుందాం:

- ఇంటి నుంచి స్టేషన్: 15 నిమిషాలు
- టూవీలరు స్టాండులో పెట్టి, ప్లాట్‌ఫాం చేరి, రైలు కోసం ఎదురుచూసేది: 15
- రైల్లో: 75
- దిగి గేటు బయటికి: 10
- అక్కణ్నుంచి ఆఫీసు: 25

మొత్తం 140 నిమిషాలు. తిరుగు ప్రయాణానికి ఇంకో పావుగంట వేసుకోండి. అంటే రోజుకి అయిదు గంటలకి కాస్త తక్కువ. ఈ అంకె చూశాక కూడా సరే అనిపిస్తేనే ముందుకెళ్లండి. ఇందులో రైలు టైము మీరు తగ్గించలేరు. తగ్గించగలిగేది మొదటి రెండు వరసలే, అవి పూర్తిగా ఇల్లు ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇక అవుటర్ సంగతి. టైమ్‌టేబుల్‌లో పెందుర్తి నుంచి వైజాగ్ మధ్య టైము చూడండి, దూరానికి మించి ఇచ్చి ఉంటారు. స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా బండిని బయట ఆపుతారు కాబట్టి ముందే ఆ జాగ్రత్త. అందుకే యాప్‌లో "సరైన సమయానికి చేరింది" అని పచ్చగా కనబడినా మీరు లోపల కూర్చుని కిటికీలోంచి అవే ఇళ్లు చాలాసేపు చూసి ఉంటారు. పాతకాపులు చాలామంది అంతకు ముందే దిగి సిటీ బస్సెక్కేస్తారు. అయితే స్టాపు ఉన్న స్టేషన్‌లోనే దిగండి. సిగ్నల్ దగ్గర ఆగింది కదా అని పట్టాల మీదకి దూకేవాళ్లని చూసి మీరూ దూకొద్దు, పక్క లైన్లో బండి వస్తుంటుంది.

6. అడ్వాన్సు ఇవ్వకముందు ఒక వారం తిరిగి చూడండి

ఇది బద్ధకించే పని, అందుకే గట్టిగా చెబుతున్నాను. చుట్టాల ఇంట్లోనో స్నేహితుడి గదిలోనో ఉండి, సోమవారం నుంచి శనివారం దాకా నిజంగా ఆఫీసుకి వెళ్లినట్టే వెళ్లి రండి. ఇంకా చేరలేదా? ఆఫీసు గేటు దాకా వెళ్లి టీ తాగి రండి.

రోజూ రాసుకోవాల్సినవి:

- బండి రావాల్సిన టైము, వచ్చిన టైము (ప్లాట్‌ఫాం మీద మీ వాచీలో)
- నిలబడ్డారా, కూర్చున్నారా, ఏ స్టేషన్ నుంచి సీటు దొరికింది
- ఆఫీసు గేటు చేరిన టైము
- సాయంత్రం ఆఫీసు వదిలిన టైము, ఇంటి గుమ్మం ఎక్కిన టైము
- ఇంటికొచ్చాక ఒళ్లు ఎలా ఉంది

వారం తిరగడం కుదరనివాళ్లు కనీసం సోమవారం పొద్దున్న, శనివారం సాయంత్రం తిరగండి, ఆ రెండే కష్టమైనవి. మిగతా రోజులకి రైలు ఎక్కడుందో చూపించే ఎన్‌టీఈఎస్ (రైల్వేవాళ్లది), వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్‌లలో ఏదో ఒకదాంట్లో మీ బండి మీ స్టేషన్‌కి ఎన్నింటికి వచ్చిందో రెండు వారాల పాటు రాసుకోండి. సగటు చూడకండి. అన్నిటికన్నా లేటైన రెండు రోజులు చూడండి, ఆ రెండు రోజులు మీ ఆఫీసు ఒప్పుకుంటుందా అన్నదే ప్రశ్న. ఫేషియల్ హాజరు ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకి ఇది మరీ ముఖ్యం, "ట్రైన్ లేట్ సార్" అని ఫోన్ కెమెరాకి చెప్పలేం కదా. హెడ్‌క్వార్టర్స్‌లోనే, అంటే పని చేసే ఊళ్లోనే, ఉండాలన్న నిబంధన మీ శాఖలో ఎంత గట్టిగా అమలవుతుందో కూడా ముందే కనుక్కోండి.

ఇంకో మంచి దారి: ప్లాట్‌ఫాం మీద ఒకే చోట, ఒకే బోగీ వచ్చి ఆగేచోట రోజూ నిలబడే గుంపొకటి ఉంటుంది. టిఫిన్ క్యారేజీలు, చేతిలో మడిచిన పేపరు, మాటల్లో నిన్న సాయంత్రం బండి మీద విసుగు. వాళ్లే డైలీ ప్యాసింజర్లు. వెళ్లి మాట కలపండి, ఏ బండి నమ్మొచ్చో, ఏది మొహం చాటేస్తుందో ఏ యాప్ చెప్పనంత వివరంగా చెబుతారు.

7. ఇప్పుడు ఇల్లు చూడండి

స్టేషన్ తేలాక, దాన్నుంచి నడిచి పావుగంట లోపు ఒక గీత గీసుకోండి. విజయనగరంలో అయితే స్టేషన్, వనంగుడి చుట్టుపక్కల వీధులు, వీటీ అగ్రహారం, ఆ తర్వాత కాస్త దూరమైనా ఫరవాలేదనుకుంటే కంటోన్మెంట్, తోటపాలెం వైపు చూడొచ్చు. కోట దగ్గరో గంటస్తంభం దగ్గరో బజారుకి దగ్గరగా ఉంటుందని తీసుకునేవాళ్లుంటారు. రోజులో మీరు బజారుకి వెళ్లేది ఎన్నిసార్లు, స్టేషన్‌కి వెళ్లేది ఎన్నిసార్లు? రింగ్ రోడ్డు వైపు కొత్త ఇళ్లు బాగుంటాయి, పార్కింగ్ ఉంటుంది, కానీ టూవీలరు లేకుండా కుదరదు.

ఇంటిని పొద్దున్న ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి చూడాలి. మధ్యాహ్నం చూసి ఒప్పుకున్న ఇంటి అసలు రంగు రాత్రి బయటపడుతుంది.

చూడాల్సినవి:

- గూడ్సుల మోత. మన లైన్ మీద బొగ్గు, ఇనుప ఖనిజం బండ్లు రాత్రంతా నడుస్తాయి. లైన్‌కి ఆనుకున్న ఇల్లయితే రాత్రి అరగంట అక్కడ నిలబడండి. "అలవాటైపోతుంది బాబూ" అని ఇంటావిడ అంటారు. ఆవిడకి అలవాటైంది, మీ పసిపిల్లాడి సంగతి చూసుకోండి.
- గేటు. ఇల్లు, స్టేషన్‌కి వెళ్లే దారి లెవెల్ క్రాసింగ్‌కి చెరోవైపు ఉంటే, మీరెక్కాల్సిన బండి కోసమే ఆ గేటు వేస్తారు. మీరు ఇటు, బండి అటు. గేటు బదులు పట్టాల కింద దారి ఉన్నచోట వానకి నీళ్లు నిలుస్తాయా అని వీధిలోవాళ్లని అడగండి.
- నీళ్ల టైము. కుళాయి పొద్దున్న ఆరున్నరకి వస్తుంది, మీరు ఆరుంబావుకి వెళ్లిపోతారు. పట్టేదెవరు? ఒంటరిగా ఉండేవాళ్లు బోరు, పైన ట్యాంకు ఉన్న ఇల్లే తీసుకోండి.
- వీధి దీపాలు. ఆఖరి బండి దిగి నడిచి వచ్చే దారిలో వెలుగుందా, ఆ టైముకి తెరిచి ఉండే కొట్టు ఒకటైనా ఉందా. ఆడవాళ్లకి ఇది అద్దెకన్నా ముందు చూడాల్సిన విషయం.
- వీధి గేటు తాళం. ఓనరు తొమ్మిదిన్నరకి తాళం వేసేస్తారా? మీకో తాళంచెవి ఇస్తారా? నోటిమాట కాదు, చేతిలో పెట్టించుకోండి.
- స్టాండు. స్టేషన్‌లో టూవీలరు పెట్టేచోట నెలవారీ ఎంత, రాత్రి ఆఖరి రైలు వచ్చేదాకా మనిషి ఉంటాడా.

అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. మధ్యలో ఖాళీ చేస్తే ఎన్ని నెలల నోటీసు, అడ్వాన్సులో ఎంత తిరిగిస్తారు అన్నది అందులో రాయించండి. రైలు ప్రయాణం ఒంటికి పడదని తెలిసేది రెండో నెలలోనే.

8. సీజన్ టికెట్టు

నెలవారీ సీజన్ టికెట్టు ఖరీదు సుమారు పదిహేను ఒంటి ప్రయాణాలంత. మూడు నెలలది తీసుకుంటే మూడింతలు కాదు, 2.7 రెట్లే. కౌంటర్లోనూ, రైల్‌వన్ యాప్‌లోనూ తీసుకోవచ్చు. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

మొదటి నెల నెలదే తీసుకోండి. ఇల్లు, బండి రెండూ కుదిరాక మూడు నెలలది.

రిజర్వేషన్ బోగీలో సీజన్ టికెట్టు చెల్లదు. ఖాళీగా ఉంది కదా అని స్లీపర్ ఎక్కి దొరికితే టికెట్టు లేనట్టే లెక్క, ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. సూపర్‌ఫాస్ట్ రుసుము కట్టకుండా సూపర్‌ఫాస్ట్ ఎక్కినా చిక్కే. మీ మూడు గడుల్లో ఒక్కటి సూపర్‌ఫాస్ట్ అయినా మొదట్లోనే ఆ రుసుము కలిపి తీసుకోండి.

9. డబ్బు లెక్క

వైజాగ్ అద్దెలోంచి ఇక్కడి అద్దె తీసేసి "నెలకి ఇంత మిగులు" అనుకుంటే తప్పు. ఆ మిగులులోంచి ఇవి తీయాలి: సీజన్ టికెట్టు, స్టాండు, రెండు చివర్లా ఆటోలు, బండి తప్పిన రోజుల బస్సు ఛార్జీలు, బయట తినే టిఫిన్లు. మిగిలినదాన్ని నెలలో మీరు రైలుకి ఇచ్చే గంటలతో భాగించండి. గంటకి ఎంత పడిందో చూసుకుని, అంత డబ్బుకి ఆ గంట అమ్ముకుంటారా అని మిమ్మల్నే అడగండి. పెద్ద జీతమున్నవాళ్లకి చాలాసార్లు వైజాగ్‌లో పెందుర్తి వైపు చిన్న ఇల్లే లాభం అని తేలుతుంది. సొంత ఇల్లు, అమ్మానాన్న ఇక్కడున్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, అది వేరే.

10. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు

*బండి టైము మారింది.* టైమ్‌టేబుల్ సవరించినప్పుడల్లా పావుగంట అటూఇటూ అవుతుంది, మీ ఆఫీసు టైముకి అదే పెద్ద తేడా. ఒకే ఒక్క బండి మీద ఆధారపడ్డ ఇల్లు అందుకే వద్దనేది. ఇప్పటికే తీసుకున్నారా? ఆఫీసులో అరగంట ముందో వెనకో వచ్చేందుకు అనుమతి అడగండి, ఇవ్వకపోతే పొద్దుటికి బస్సు, సాయంత్రానికి రైలు.

*లైన్ పనులు.* మన వైపు మూడో లైన్ పనులు నడుస్తున్నాయి. పనులున్న రోజుల్లో ముందు రద్దు చేసేది, కుదించేది ప్యాసింజర్లనే. రైల్వేవాళ్లు ముందుగా ప్రకటిస్తారు, స్థానిక పేపరు జిల్లా పేజీలో వస్తుంది. ప్రయాణికుల వాట్సాప్ గుంపులో చేరితే ఇంకా ముందే తెలుస్తుంది.

*తుపాన్లు.* సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా మనకి మామూలే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్, ఏది వచ్చినా రైళ్లు ఆగిపోయాయి. హెచ్చరిక రాగానే ఇంటి నుంచి పని చేయడమో, వైజాగ్‌లో ఎవరింట్లోనైనా రెండు రాత్రులు ఉండడమో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆఫీసు డ్రాయర్లో ఒక జత బట్టలు ఉంచండి.

*పండగలు.* సంక్రాంతి వారం జనరల్ బోగీ ఎక్కడం మీవల్ల కాదు, ఆ రోజులకి సెలవు గానీ బస్సు రిజర్వేషన్ గానీ చూసుకోండి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరంలో దారులు మూసేస్తారు, స్టేషన్ నుంచి ఇంటికి నడకే. నడిచే దూరంలో ఇల్లు తీసుకున్నవాళ్లు ఆ రోజు జాతర కూడా చూసి వస్తారు.

*రాత్రి ప్రయాణంలో ఇబ్బంది.* ఎవరైనా వేధించినా, ఒంట్లో బాగోకపోయినా 139కి ఫోన్ చేయండి. నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి.

*నిద్ర.* చాలామంది మానేసేది దీనివల్లే. పొద్దున్న అయిదింటికి లేచేవాళ్లు రాత్రి పదికి పడుకోవాలి, ఇంటికి చేరేదే తొమ్మిదిన్నరకైతే అది జరగదు. రెండు నెలలు చూసి రోజూ ఆరు గంటలు కూడా పడుకోలేకపోతుంటే, వారంలో రెండు రాత్రులు వైజాగ్‌లో ఉండేలా ఒక షేరింగ్ గది చూసుకోండి. దాని ఖర్చుతో కలిపి తొమ్మిదో అంశంలోని లెక్క మళ్లీ వేసి, అప్పటికీ ఇక్కడి ఇల్లు గిట్టుబాటైతే అగ్రిమెంటు తిరగరాయించుకోండి.